మోజార్టు గృహమునందలి బిడ్డలు

పాశ్చాత్యసంగీతమును గొంచెమైన నెరిగినవారిలో వుల్ఫుగాంగు మోజార్టు పేరు విననివారుండరు. ఆయన యైదేండ్ల ప్రాయముననే చిన్న చిన్న రాగములు కట్టెననియు, ఆరేండ్ల ప్రాయమున మహారాణి యెదుట వాయించెననియు మన పిల్లలును చదువుకొనియుందురు. అయితే ఆ బాలునికంటె నాలుగున్నరయేండ్లు పెద్దదైన యక్క యొకతె కలదనియు, ఆమెయు నాతని ప్రక్కనే కూర్చుండి దేశదేశముల వాయించి పేరుగాంచెననియు నెరిగినవారు తక్కువ. బాలుని ప్రతిభను గూర్చి గ్రంథములనేకములు గలవు. ఈ పాఠమున మేము ముచ్చటింపదలచినది ఆ యిద్దరు బిడ్డలు పెరిగిన యింటిని గూర్చి. సంగీతము వచ్చిన బిడ్డకు తలిదండ్రులు నేర్పవలసినదెంత, ఆ బిడ్డను లోకమునకు చూపవలసినదెంత యను ప్రశ్న మన యిండ్లలోను లేకపోలేదు గదా.

సాల్జుబర్గు నేడు ఆస్ట్రియా దేశమునకు జేరిన పట్టణము. 18వ శతాబ్దమున నది ప్రత్యేక సంస్థానము. అచ్చటి ఆర్చిబిషప్పే మతాధికారియు, దేశమునేలు ప్రభువునై యుండెను. ఆయన కొలువులో ఫిడేలు వాయించు ఉద్యోగి లియోపోల్డు మోజార్టు. ఇతడు 1719లో ఆగ్జుబర్గు పట్టణమున పుస్తకములకు అట్టలు కట్టు పనివాని యింట పుట్టినవాడు. 1747లో అన్నా మరియా యను నామెను వివాహమాడి, యొక యంగడివీధిలో మేడపైన అద్దెకు గాపురముండెను. వారికి బిడ్డలేడుగురు కలిగిరి. అయిదుగురు పసితనముననే పోయిరి. మిగిలినవారు 1751 జూలై 30న పుట్టిన మరియా అన్నా, 1756 జనవరి 27న పుట్టిన వుల్ఫుగాంగు. కుమార్తెను ఇంటిలో నానెర్లు అని ముద్దుగా పిలిచెడివారు. కుమారుడు పుట్టిన యేడాదియే తండ్రి ఫిడేలు నేర్పు విధానమును గూర్చి వ్రాసిన గ్రంథము అచ్చుపడెను. అనగా నతడు వాయించుటయే గాక, నేర్పుట యెట్లో ఆలోచించినవాడు. ఉపాధ్యాయులమైన మాకు ఈ సంగతి ముఖ్యముగా దోచుచున్నది.

నానెర్లునకు ఏడేండ్లు నిండినపిమ్మట తండ్రి యామెకు హార్ప్సికార్డు నేర్ప మొదలిడెను. హార్మోనియమునకువలె దీనికిని మెట్లుండును గాని, మెట్టును నొక్కినపుడు గాలి పలుకుటకు బదులు లోపలి తీగ మీటబడి మ్రోగును. 1759లో తండ్రి యామెకొరకొక సంగీతపు నోటుపుస్తకమును కుట్టించి, సులభమైన చిన్న నాట్యగతులను మొదటను, కష్టమైన వానిని వాటి వెనుకను తన చేతితో వ్రాసియిచ్చెను. అక్క పాఠము చెప్పించుకొనుచుండగా మూడేండ్ల తమ్ముడు చేరవచ్చి, ఇంపుగా కలియు రెండేసి స్వరములను మెట్లమీద వెదకి వెదకి నొక్కి సంతసించెడివాడు. అక్క పుస్తకమే తమ్మునికిని మొదటి వాచకమాయెను. వాడు నేర్చిన పాఠములక్రింద తండ్రి తేదీలతో గురుతు వ్రాసియుంచెను. అందొకచోట, 1761 జనవరి 26న, అనగా అయిదేండ్లు నిండుటకు ముందుదినమున, రాత్రి తొమ్మిదిన్నర మొదలు పదిగంటలలోపల అరగంటలో నేర్చెనని యున్నది. ఆ వేళకు నాలుగేండ్ల పిల్లవాడు నిద్రింపవలెనని మేమందుము. అయినను ఆ గురుతులలో నొక గుణము కలదు. బిడ్డ యెవరియెదుట వాయించెను, ఎవరు మెచ్చిరి యను మాట వానిలో లేదు. ఏమి నేర్చెను, ఎప్పుడు నేర్చెను అనునంతమాత్రమే యున్నది.

బిడ్డలిద్దరును ఏ పాఠశాలకును పోలేదు. చదువును, లెక్కలును, భాషలును తండ్రియే నేర్పెను. ఆ కుటుంబమునకు స్నేహితుడైన యాస్థానపు బూరగాడొకడు ముప్పదియేండ్లకు తరువాత తన జ్ఞాపకములను వ్రాసియిచ్చెను. వుల్ఫుగాంగు లెక్కలు నేర్చుకాలమున బల్లలు, కుర్చీలు, గోడలు, తుదకు నేలయు సుద్దముక్కతో అంకెలు వ్రాసి నింపెనట. ఆటబొమ్మల నొక గదినుండి మరియొక గదికి మార్చునపుడు, చేతులు ఖాళీగానున్నవారు కవాతుపాటను పాడుచునో ఫిడేలు వాయించుచునో నడువవలసినదేనట. రాత్రి పండుకొనుటకు ముందు పిల్లవాడు కుర్చీమీద నిలువబడి, తానే కట్టిన యొక రాగమును అర్థములేని మాటలతో పాడెడివాడు. తండ్రి క్రింది స్వరమును కలిపెడివాడు. పిమ్మట తండ్రి ముక్కుకొనను ముద్దుపెట్టుకొని పడకకు బోయెడివాడు. పదేండ్లవరకు నిది తప్పలేదు. దేవుని తరువాత నాయనయే యని యా బిడ్డ చెప్పుచుండెడివాడట.

ఆ స్నేహితుడే మరియొక సంగతిని వ్రాసెను. బాలునకు బూరధ్వనియన్న నమితమైన భయము. ఆ భయమును పోగొట్టదలచి తండ్రి, వాని యెదుట బూర నూదుమని స్నేహితునితో జెప్పెను. ఊదినంతనే బిడ్డ ముఖము పాలిపోయి, నేల గూలబోయెను. మిత్రుడు వెంటనే మానెను. తండ్రి తెలివిగలవాడే, ప్రేమగలవాడే. అయినను బిడ్డ యెంతవరకు ఓర్చుకొనగలదో తెలిసికొనుట ఆయనకు సులభము గాకుండెననుటకు ఈ సంగతి మాకొక సూచనగా కనబడుచున్నది.

1762లో తండ్రి బిడ్డలను మొదట మ్యూనికు నగరమునకును, తరువాత వియన్నాకును తీసికొనిపోయెను. అక్టోబరు 13న షోన్‌బ్రన్ రాజభవనమున మరియా థెరీసా మహారాణి యెదుట వారు వాయించిరి. నూరు బంగారు నాణెములును, రాజబిడ్డలకై కుట్టిన యుడుపులును బహుమానముగా వచ్చెను. కొలది దినములకే బాలుని కాళ్లమీద ఎఱ్ఱని బాధాకరమైన దద్దురులు లేచి, జ్వరము వచ్చి, మంచముపట్టెను. కోలుకొనెను గాని, యిది మొదటి హెచ్చరిక. తండ్రి దీనిని హెచ్చరికగా దీసికొనలేదు.

1763 జూన్ 9న ఆ నలుగురును, ఒక నౌకరును సొంతబండిలో బయలుదేరి, 1766 నవంబరు 29న ఇల్లు చేరిరి. దాదాపు మూడున్నరయేండ్ల ప్రయాణము! ఈ కాలములో వినోదము లేకపోలేదు. బయలుదేరిన కొలదికాలమునకే బండిచక్రము విరిగి దారిలో నాగవలసివచ్చినపుడు, తండ్రి కుమారుని ఆ యూరి దేవాలయమునకు గొనిపోయి, ఆర్గనునకు కాలితో త్రొక్కు మెట్లను చూపెను. కుర్చీమీద నుండి కాళ్లందవు గనుక, బాలుడు ఆసనమును తొలగద్రోసి, నిలువబడియే త్రొక్కి వాయించెను. బండిలో గడచు దీర్ఘదినములలో నీ బిడ్డలొక రాజ్యమును కల్పించుకొనిరి. దానికి వెనుకటిరాజ్యమని పేరు. ఊరూరికిని వేరువేరు పేళ్లు పెట్టిరి. బొమ్మలు గీయనేర్చిన నౌకరుచేత దానికి పటమును వ్రాయించిరి. దినమెల్ల పెద్దల యెదుట వాయించు పిల్లలకు తామే పాలించు చోటొకటి కావలసివచ్చెను కాబోలు.

1764 ఏప్రిలులో వారు లండను చేరిరి. జూన్ 5న జరిగిన కచ్చేరికి టిక్కెట్టు అరగిన్నీ, అనగా పదిషిల్లింగుల ఆరుపెన్సులు. ఆ ప్రకటనలో అక్కకు పదునొకండేండ్లనియు, తమ్మునికి ఏడేండ్లనియు వేసిరి. నిజమునకు పండ్రెండును, ఎనిమిదియు నిండియుండెను. వయస్సు తగ్గినకొలది వింత హెచ్చును గదా. ఏడాది గడచునప్పటికి లండనువారికి వింత తీరిపోయెను. 1765 జూలైలో ఆ బిడ్డలే ఒక సత్రపుగదిలో ప్రతిదినము పండ్రెండుగంటలు మొదలు మూడుగంటలవరకు, రెండుషిల్లింగుల ఆరుపెన్సుల కెవరు వచ్చినను వాయించి చూపుచుండిరి. మెట్లు కానరాకుండ రుమాలు గప్పి, ఇద్దరును నాలుగుచేతులతో వాయింతురని ప్రకటనలో చేర్చిరి. రుమాలు గప్పుట సంగీతమునకు చేర్చునదేమియు లేదు. అది గారడీవాని పని.

అదే లండనులో, 1764 వేసవిని, తండ్రి జబ్బుపడి యూరిబయట చెల్సీలో కాపురముండెను. ఆ దినములలో ఇంట వాద్యము ముట్టగూడదని యాజ్ఞ. కచ్చేరులును లేవు. ఆ నిశ్శబ్దములో ఎనిమిదేండ్ల బాలుడు కలము చేతబట్టి వాద్యబృందమునకు సింఫనీ వ్రాయ దొరకొనెను. అక్క ప్రక్కన గూర్చుండి సాపు వ్రాయుచుండెను. కొమ్ముబూరకు తగిన పని కల్పింప మరువకుండునట్లు జ్ఞాపకము చేయుమని తమ్ముడు తన్నడిగినట్లు ఆమె వార్ధక్యమున దలచుకొనెను. చూచువారెవ్వరును లేని ఆ వేసవియే వారి ప్రయాణమునందెల్ల ఫలవంతమైన కాలమని మా యభిప్రాయము.

1765 సెప్టెంబరులో, హాలండు దేశపు హేగునగరమున, నానెర్లునకు టైఫాయిడు జ్వరము వచ్చెను. అక్టోబరునాటికి ఆశ వదలుకొని, గురువును బిలిపించి యంత్యసంస్కారము జరిపించిరి. తలిదండ్రులు రాత్రులందు మంచముకడ గూర్చుండి యామెను మరణమునకు సిద్ధపరచుచుండగా, ప్రక్కగదిలో తమ్ముడు సంగీతముతో నాడుకొనుచుండెనని తండ్రియే యొకజాబులో వ్రాసెను. ఆమె బ్రదికెను. నవంబరులో తమ్ముడు పడకవేసెను. 1766 జనవరిలో ఇద్దరును మరల కచ్చేరిలో కూర్చుండిరి! మశూచికమును గూర్చియు చెప్పవలయును. బాలునకు టీకాలు వేయింపుమని 1764లో పారిసునందు కొందరు సలహా చెప్పగా, దేవుని చిత్తమునకే విడుతునని తండ్రి నిరాకరించెను. జెన్నరు గోమశూచికపు టీకాను పరీక్షించినది 1796లో. అంతకుముందరి టీకాలో ప్రాణాపాయము కొంత కలదు గనుక, ఆయనను తేలికగా నిందింపరాదు. కాని 1767లో మశూచికము వ్యాపించుచున్న వియన్నాకు బిడ్డలను గొనిపోవుట వేరుమాట. ఒల్ముట్జు పట్టణమున వుల్ఫుగాంగునకు అది సోకి తొమ్మిదిదినములు కన్ను తెరువలేకపోయెను. పిమ్మట అక్కకును సోకెను.

1769 డిశెంబరులో తండ్రియు కుమారుడును ఇటలీకి బయలుదేరిరి. నానెర్లునకు పదునెనిమిదేండ్లు. ఆమెను తల్లితో నింటవిడిచిరి. ఐరోపాలో మిక్కిలి నేర్పుగా వాయించువారిలో తన కుమార్తె యొకతెయని 1764లో వ్రాసిన తండ్రియే యీ నిర్ణయము చేసెను. ఆమె చేతులలో నైపుణ్యము తగ్గలేదు. ఆమె వయస్సు పెరిగెను, అంతే. వింతబాలికయని చూపుటకు వీలులేదు. కొలువులో నుద్యోగము స్త్రీకి దొరకదు. 1770లో ఆమె యొక పాటను కట్టి తమ్మునికి పంపగా, ఇంత బాగుగా కట్టగలవాయని యతడు రోమునుండి యాశ్చర్యపడి వ్రాసెను. ఆమె కట్టిన పాట యొక్కటియు నేడు మిగిలియుండలేదు. బాలికల తలిదండ్రు లీభాగమును రెండుమారులు చదువవలెనని కోరుచున్నాము.

1777లో కుమారుడు ఉద్యోగము వెదకుచు పారిసునకు బోదలచినపుడు, ఆర్చిబిషప్పు తండ్రికి సెలవియ్యకపోగా తల్లి వెంటబోయెను. ఇంటిలో అప్పులుండెను. నానెర్లు పట్టణములోని పిల్లలకు పాఠములు చెప్పి సంసారమునకు తోడ్పడెను. 1778 జూలై 3న తల్లి పారిసులో మరణించెను. ఆ రాత్రియే ఇరువదిరెండేండ్ల కుమారుడు, అమ్మకు మిక్కిలి జబ్బుగానున్నదని మాత్రము తండ్రికి వ్రాసి, నిజమును వేరొకజాబులో సాల్జుబర్గులోని స్నేహితునికి వ్రాసి, నాయనను అక్కను మెల్లగా సిద్ధపరచుమని వేడుకొనెను. ఆ తరువాత కొలదియేండ్లకు గీసిన కుటుంబచిత్రములో అక్కాతమ్ములు ఒకే వాద్యముకడ గూర్చుండి చేతులొకరిపై నొకరు దాటించి వాయించుచున్నారు. తండ్రి ఫిడేలు పట్టుకొనియున్నాడు. తల్లి గోడమీది పటములో నున్నది.

1781లో వుల్ఫుగాంగు ఆర్చిబిషప్పు కొలువు విడిచి, తండ్రి మాట గాదని, వియన్నాలో నిలిచెను. మరుసటియేట వివాహమాడెను. నానెర్లు 1784లో, అయిదుగురు బిడ్డలున్న యొక విధురుని పెండ్లాడి సాంక్ట్ గిల్గెను అను గ్రామమునకు బోయెను. ఆమె భర్త అచ్చట ప్రభుత్వాధికారి. వారి నివాసగృహముననే ఆమె తల్లియు పూర్వము పుట్టియుండెను. 1785లో కలిగిన మొదటి కుమారుని తాతయే సాల్జుబర్గులో నుంచుకొని పెంచెను. ఆ మనుమడు పాటకు చెవియొగ్గునో లేదో యని ముసలివాడు కనిపెట్టుచుండెను. 1787 మేలో ఆయన మరణముతో ఆ పాఠము ముగిసెను.

తమ్ముడు 1791 డిశెంబరు 5న ముప్పదియైదేండ్లకే చనిపోయెను. నానెర్లు 1801లో భర్తను గోల్పోయి, బిడ్డలతో సాల్జుబర్గునకు మరలివచ్చి, పూర్వమువలె సంగీతపాఠములు చెప్పుకొని జీవించెను. 1825లో ఆమె చూపు పోయెను. తమ్ముని జ్ఞాపకచిహ్నమును గోరివచ్చినవారికి తన చిన్ననాటి నోటుపుస్తకమునుండి కొన్ని కాగితములను విడదీసి యిచ్చెను. మిగిలిన పుస్తకము సాల్జుబర్గులో భద్రముగా నున్నది. 1829 అక్టోబరు 29న డెబ్బదియెనిమిదేండ్ల ప్రాయమున ఆమె మరణింపగా, ఆ పట్టణమందలి పేతురుగారి శ్మశానవాటికలో పాతిపెట్టిరి.