మిరియాల చారు

జనవరి నెల. లంబసింగి కొండ మీద పొగమంచు. ఆ ఊరు సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే అక్కడ చలి ఎక్కువ.

ఆ కుటుంబం కొండ చూసింది. కాఫీ తోటల్లో చెట్లకు మిరియాల తీగలు అల్లుకున్నాయి. తల్లి పావుకిలో మిరియాలు కొన్నది.

సాయంత్రం నర్సీపట్నంలో ఇంటికి చేరారు. పిల్లకు జలుబు, దగ్గు.

నాయనమ్మ మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచింది. చింతపండు చారులో వేసి మరిగించింది. ఇల్లంతా ఘుమఘుమ.

"ఊదుకుని తాగమ్మా" అంది.

పిల్ల తాగింది. గొంతుకి హాయిగా ఉంది.

"ఇక తగ్గిపోతుందా అత్తా?" తల్లి అడిగింది.

"చారు హాయిగా ఉంటుంది. కాని మందు కాదమ్మా. ఊపిరి వేగంగా తీసినా, డొక్కలు ఎగరేసినా అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి పోదాం."

తల్లి రాత్రంతా పిల్ల ఊపిరి చూస్తూ కూర్చుంది.

తెల్లారింది. పిల్ల లేచింది. "నానమ్మా, చారు ఇంకా ఉందా?" అంది.

ఆలోచించండి: మీ ఊరికి ఆసుపత్రి ఎంత దూరం? రాత్రిపూట ఎలా వెళ్తారు?