పల్లపు పొలంలో పాల చౌడు



అనంతపురం ప్రాంతంలో సాలీనా కురిసే వర్షం సుమారు 550 మిల్లీమీటర్లే. ఎండకు ఆవిరయ్యే నీరు అంతకు ఎన్నో రెట్లు. మెరకల నుండి దిగిన నీరు, చెరువుల క్రింద ఊరిన నీరు పల్లపు పొలాలలో చేరి, పోయే దారి లేక నిలుస్తుంది. నేల క్రింది నీటిమట్టం ఆరడుగుల లోపు ఉంటే, వత్తి నూనెను పీల్చినట్లు మట్టి ఆ నీటిని పైకి లాగుతుంది. నీరు ఆవిరై, ఉప్పు మిగులుతుంది. వేసవిలో కనబడే తెల్లని పొర ఇదే. దీనినే పాల చౌడు అంటాము.

ఇట్టి నేలలో తడి ఉన్నా పైరు వాడుతుంది. ఉప్పు ఎక్కువైన నీటిని వేళ్లు పీల్చుకొనలేవు. మొలక పలుచనవుతుంది, ఆకుల కొనలు మాడతాయి.

నీరు ఇంకక బురదగా నిలిచి, ఆరితే రాయివలె గట్టిపడే నేల కారు చౌడు. దాని ఉదజని సూచిక 8.5కు మించుతుంది, దానికి జిప్సం అవసరం. పాల చౌడులో ఈ సూచిక 8.5 లోపే ఉంటుంది. జిప్సం వేస్తే డబ్బు దండుగ. కనుక ముందు మట్టి పరీక్ష చేయించండి.

పాల చౌడుకు మొదటి మందు మురుగు కాలువ. ఆపైన పొలాన్ని చదును చేసి, చిన్న మళ్లు కట్టి, మంచినీరు నిలిపి ఇంకనీయండి. ఇట్లు మూడు నాలుగు సార్లు చేస్తే, కరిగిన ఉప్పు కాలువగుండా పోతుంది. కాలువ లేక నీరు పెడితే నీటిమట్టం పెరిగి, ఉప్పు మళ్లీ పైకి వస్తుంది.

కాలువ పొరుగు పొలంలో ఆగరాదు, వాగు వరకు సాగాలి. కావున పల్లం రైతులందరూ కలిసి త్రవ్వుకొనండి.