దివిసీమ బలాబలములు

కృష్ణానది పులిగడ్డయొద్ద రెండు పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. ఆ పాయల నడుమనున్న లంకభూమియే దివిసీమ.

ఒక సీమ తన కాళ్ళపై తాను నిలువగలదా యని తెలిసికొనుటకు మనము మొదట గాదెలను చూతుము. ఈ పరీక్షలో దివిసీమకు లోటు లేదు. పులిగడ్డ అక్విడక్టు మీదుగా వచ్చు కాలువనీటితో వరి పుష్కలముగా పండును. నాగాయలంక, ఏటిమొగ ప్రాంతములలో చేపలు, రొయ్యలు లభించును. ఇంటింట పాడి కలదు.

మంచినీటి మాట వేరు. తీరమున బావి త్రవ్విన ఉప్పునీరే పడును. ఊరిచెరువును కాలువనీటితో నింపుకొని త్రాగవలసినదే. తిండి తనదే యైనను, దాహము తీర్చు నీరు ఎగువనుండి రావలెను!

1977 నవంబరు 19న వచ్చిన తుపానులో ఈ లోపము బయటపడెను. ఉప్పెన ఊళ్ళమీద విరుచుకుపడి వేలాదిమందిని పొట్టన బెట్టుకొనెను. ధాన్యము తడిసి కుళ్ళెను, చెరువులు ఉప్పుబారెను. నిన్నటివరకు పదిమందికి అన్నము పెట్టిన యిండ్లవారు గ్రుక్కెడు నీటికై పరులవైపు చూడవలసివచ్చెను.

తీరమున మడ అడవులు దట్టముగా నున్నచోట అలల ఉద్ధృతి కొంత తగ్గును. వానిని నరికి రొయ్యలచెరువులు త్రవ్వినచోట ఆ యడ్డు తొలగినట్లే.

ఉప్పెన తరువాత తీరగ్రామములందు ఎత్తైన తుపాను షెల్టర్లను కట్టిరి. అట్టి భవనములలో బడి నడపుట మేలని నా యభిప్రాయము. ఏడాది పొడవున మూసియుంచిన భవనమునకు, గాలి లేచిన రాత్రి తాళపుచెవి దొరకదు.