కొండ దగ్గరి మనిషిపై మనసు

ప్రశ్న: మాది పరిగి. వయసు 23. తోడు లేకుండా ఇంట్లో ఎక్కడికీ పంపరు. అనంతగిరి గుడికి వెళ్లినప్పుడు, కొండ దగ్గర ఒంటరిగా ఉండే ఒకాయన పరిచయమయ్యాడు. మొరటు మనిషి, మాట తక్కువ. తలచుకుంటేనే ఒళ్లు ఝల్లుమంటోంది. ఒక్కదాన్నే రమ్మంటున్నాడు. వెళ్లనా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ కోరికలో తప్పేం లేదమ్మా. కట్టడిలో పెరిగినవాళ్లకు, ఎవరికీ జవాబు చెప్పకుండా బతికే మనిషి స్వేచ్ఛలాగే కనిపిస్తాడు. పైగా మాట్లాడని మనిషిలో మనకు నచ్చిందంతా మనమే నింపుకుంటాం (నవలా నాయకులు సగం మంది అలా పుట్టినవాళ్లే). పగటిపూట, నలుగురూ తిరిగే చోట కలవండి. స్నేహితురాలికి చెప్పి వెళ్లండి. పెళ్లయిందా, ఒంటరిగా ఎందుకుంటున్నాడు, అడగండి. మీరు ‘వద్దు’ అంటే ఏం చేస్తాడో గమనించండి. నా దృష్టిలో అసలు పరీక్ష అదే. పెళ్లిదాకా వస్తే, 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు ఉంటుంది. అతను బెదిరించినా, ఇంట్లోవాళ్లు నిర్బంధించినా మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయండి. దిగులుతో నిద్ర, తిండి మానేసే స్థితి వస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు చేయండి.