సెల్‌ఫోన్ తెర - వారంటీ - మన హక్కు

వార్షికోత్సవ సంచికలో ఏటా కవితలు, జోకులు, జనరల్ నాలెడ్జి ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. ఈసారి మనందరి జేబుల్లో ఉండే ఒక వస్తువు గురించి పాఠం రాస్తున్నాం. పరీక్షల్లో దీనికి మార్కులు రావు గానీ ఇంట్లో డబ్బు మిగులుతుంది.

మనకు ఫోన్ ఆడంబరం కాదు. స్కాలర్‌షిప్ మెసేజి, హాల్ టికెట్, ఉద్యోగ నోటిఫికేషన్, బ్యాంకు ఓటీపీ అన్నీ అందులోకే వస్తాయి. పామిడిముక్కల, ఉయ్యూరు, మొవ్వ పరిసరాల నుంచి వచ్చిన మనలో చాలామంది ఫోన్లు నాట్ల కూలితో, మినుము తీతతో, చెరకు నరుకుడుతో కొన్నవే. అలాంటి ఫోన్ తెర మీద ఆరు నెలలకే గీత పడితే "కొత్తది కొనుక్కో", "కాంబో వేయించుకో" అనే రెండు మాటలే వినిపిస్తాయి. రెంటికీ ఖర్చు మనదే. మూడో దారి కూడా ఉంది. అదేమిటో తెలుసుకుందాం.

తెర లోపల ఏముంది?

తెరలో ముఖ్యంగా మూడు భాగాలు ఉంటాయి. పైన గాజు, దాని కింద మన వేలిని గుర్తించే టచ్ పొర, ఆ కింద బొమ్మ చూపే డిస్‌ప్లే. ఇప్పుడు ఈ మూడూ అతికించి ఒకటిగా వస్తున్నాయి. దాన్నే రిపేరు షాపుల్లో కాంబో అంటారు. ఎల్‌సీడీ రకంలో వెనుక నుంచి ఒక లైటు వెలుగుతుంది. అమోలెడ్ రకంలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది.

మన డెల్టాలో పంటకాలువ నీరు బోదెల ద్వారా చేలకు పారినట్లే, డిస్‌ప్లే అంచున ఉన్న చిప్ నుంచి సన్నని తీగల ద్వారా ఒక్కో నిలువు వరుసకు సంకేతం వెళుతుంది. బోదె ఒకటి పూడిపోతే ఆ వరుస చేలన్నీ ఎండినట్లు, ఒక తీగ అతుకు దెబ్బతింటే ఆ వరుస మొత్తం ఒకే రంగులో వెలుగుతూనో, ఆరిపోయో ఉంటుంది. పై నుంచి కిందికి సూటిగా కనిపించే గీత అదే.

లోపమా? దెబ్బా?

వారంటీ వస్తుందా రాదా అన్నది ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ గుర్తులు తెలుసుకుని ఉండాలి.

1. గాజు పగలకుండా, కింద పడకుండా వచ్చిన నిలువు గీత సాధారణంగా లోపలి అతుకు లోపం.

2. ఎప్పుడూ ఒకే రంగులో లేదా నల్లగా ఉండే చుక్క పిక్సెల్ లోపం. ఒకటి రెండు చుక్కలుంటే కొన్ని కంపెనీలు ఒప్పుకోవు. అది వారంటీ షరతుల్లో చూసుకోవాలి.

3. సిరా ఒలికినట్లు నల్లటి మచ్చ పుట్టి రోజురోజుకూ పెరుగుతుంటే అది ఎక్కువగా దెబ్బ వల్ల, ఒత్తిడి వల్ల వస్తుంది.

4. తాకకుండానే యాప్‌లు తెరుచుకోవడం టచ్ లోపం కావచ్చు. అయితే ముందు స్క్రీన్ గార్డ్ తీసి, వేరే చార్జర్ పెట్టి చూడండి. నాసిరకం చార్జర్ వల్ల కూడా ఇలా జరుగుతుంది.

5. కీబోర్డు, గుర్తులు నీడలాగా నిలిచిపోతే దాన్ని బర్న్-ఇన్ అంటారు. అమోలెడ్ తెరపై ఒకే బొమ్మను ఎక్కువ వెలుతురులో గంటల తరబడి ఉంచితే వస్తుంది.

6. తెర ఒక పక్క పైకి లేస్తే బ్యాటరీ ఉబ్బిందేమో చూడాలి. ఉబ్బితే చార్జింగ్ పెట్టవద్దు, నొక్కవద్దు. మంటలు రావచ్చు.

ఇంకొక మాట. ఫోన్ లోపల నీరు తగిలితే రంగు మారే చిన్న తెల్ల స్టిక్కరు ఉంటుంది. అది ఎర్రబడితే కంపెనీ వారంటీ నిరాకరిస్తుంది. వర్షంలో తడిసిన ప్యాంటు జేబు కూడా దానికి చాలు.

ఆకుపచ్చ గీత కథ

కొన్నేళ్లుగా దేశమంతటా అమోలెడ్ ఫోన్లలో ఆకుపచ్చ గీత సమస్య కనిపించింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసిన వెంటనే వచ్చిందని చాలామంది చెప్పారు. ఫిర్యాదులు పెరిగాక వన్‌ప్లస్ కంపెనీ 2023లో మన దేశంలో కొన్ని పాత మోడళ్ల తెరకు జీవితకాల వారంటీ ప్రకటించింది. 2024లో ఆకుపచ్చ గీత సమస్యకు ఆ సదుపాయాన్ని ఇంకా విస్తరించింది. దీన్నిబట్టి మనం గ్రహించవలసింది ఏమిటంటే, ఏడాది వారంటీ అయిపోయినా అడగడం మానకూడదు. ఒక లోపం ఎందరికో వచ్చినప్పుడు, వారందరూ రాతపూర్వకంగా చెప్పినప్పుడు కంపెనీ కదులుతుంది.

వారంటీ కాగితం చదవడం ఎలా?

మన దేశంలో ఫోన్‌కు సాధారణంగా ఏడాది, చార్జర్ వంటి వాటికి ఆరు నెలలు వారంటీ ఇస్తారు. ఇది కంపెనీ ఇచ్చే మాటే తప్ప చట్టం నిర్ణయించిన గడువు కాదు. ఐరోపా సమాఖ్యలో మాత్రం కొన్న వస్తువుకు కనీసం రెండేళ్ల బాధ్యత చట్టంలోనే ఉంది. అక్కడ 2025 జూన్ 20 నుంచి కొత్త ఫోన్ మోడళ్లకు, అమ్మకం ఆపిన తరువాత కూడా 7 ఏళ్లపాటు తెర వంటి విడిభాగాలు దొరికేలా ఉంచాలనే నియమం వచ్చింది. మన ప్రభుత్వం 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది.

కొన్న రోజే చేయవలసిన పనులు: జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోవాలి. స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరు బిల్లు మీద, పెట్టె మీద ఒకటిగా ఉందో లేదో చూడాలి. బిల్లు సిరా ఏడాదిలో వెలిసిపోతుంది కాబట్టి ఫోటో తీసి మెయిల్‌లో దాచాలి. బిల్లు ఇవ్వకపోవడం చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

సర్వీస్ సెంటర్‌లో

ఫోన్ ఇచ్చే ముందు డేటా వేరే చోట దాచుకోండి. సిమ్, మెమరీ కార్డు తీసేయండి. నాలుగు అంచులు, ముందు, వెనుక ఫోటోలు తీయండి. గీత కనిపించేలా వీడియో కూడా తీయండి. జాబ్ షీట్ ఇవ్వకుండా ఫోన్ ఇవ్వవద్దు. అందులో "పగుళ్లు లేవు, నీటి గుర్తు లేదు" అని రాయించండి. వారంటీ రాదంటే కారణం రాసిమ్మని అడగండి. వారంటీ ఉన్నంతకాలం బయటి షాపులో ఫోన్ విప్పించవద్దు.

వారంటీ అయిపోయాక బయట రిపేరు చేయించుకోవడంలో తప్పు లేదు. కానీ ఒరిజినలా, కాపీనా అని అడగండి. అమోలెడ్ ఫోన్‌కు ఎల్‌సీడీ కాపీ వేస్తే తెర మీద వేలిముద్ర పనిచేయదు.

ఒక అనుభవం

మాతోపాటు పీజీ చదువుతున్న మన హాస్టల్ పూర్వ విద్యార్థి ఫోన్‌కు ఏడో నెలలో గీత పడింది. వాళ్ల నాన్నగారు కౌలు రైతు. సర్వీస్ సెంటర్‌లో "నొక్కిన గుర్తు ఉంది, వారంటీ రాదు" అన్నారు. అడిగిన డబ్బు ఫోన్ ధరలో సగానికి దగ్గర. రూములో అందరం కూర్చుని వారంటీ షరతులు ఇంగ్లీషులో చదివి తెలుగులో అర్థం చేసుకున్నాం. ఇచ్చే ముందు తీసిన ఫోటోలు, జాబ్ షీట్ జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టించాం. వారం దాకా జవాబు లేదు. 1915కి ఫిర్యాదు చేయించాం. మూడు వారాల్లో తెర ఉచితంగా మార్చి ఇచ్చారు. అరుపులు లేవు, గొడవ లేదు. కాగితాలే మాట్లాడాయి.

చట్టం ఏం చెబుతోంది?

వినియోగదారుల రక్షణ చట్టం 2019, 2020 జులైలో అమలులోకి వచ్చింది. మనకు పనికొచ్చే అంశాలు ఇవి:

- జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగు సహా 17 భాషల్లో మాట్లాడవచ్చు. ముందు మెట్టు ఇదే.

- లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు లేకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనని అనడం అనుచిత వ్యాపార పద్ధతి.

- ఆన్‌లైన్‌లో కొంటే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్లు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి.

- అప్పటికీ కాకపోతే జిల్లా కమిషన్. మన కృష్ణా జిల్లాకు అది మచిలీపట్నంలో ఉంది. కంపెనీ ఎక్కడున్నా మనం ఉండే చోటే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్లలోగా వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి ద్వారా వేయవచ్చు. వీడియో ద్వారా విచారణ కోరవచ్చు. అంటే కూలి రోజు పోగొట్టుకుని బస్సెక్కవలసిన అవసరం తగ్గుతుంది.

నమూనా ఫిర్యాదు

"అయ్యా, నేను ఫలానా తేదీన ఫలానా షాపులో ఈ మోడల్ ఫోన్ ఇంత ధరకు కొన్నాను. ఐఎంఈఐ నంబరు ఇది. ఫలానా తేదీన తెరపై నిలువు గీత వచ్చింది. ఫోన్ కింద పడలేదు, తడవలేదు. జాబ్ షీట్ నంబరు ఇది. వారంటీ ఫలానా తేదీ వరకు ఉంది. కావున 15 రోజుల్లో ఉచితంగా తెర మార్చి ఇవ్వవలసిందిగా, లేనిచో కారణం రాతపూర్వకంగా తెలుపవలసిందిగా కోరుతున్నాను. బిల్లు, ఫోటోలు జతచేశాను."

ఇందులో నిజం మాత్రమే రాయాలి. ఫోన్ కింద పడి ఉంటే పడిందనే రాయండి. ఒక అబద్ధం పదిమంది నిజాన్ని అనుమానంలో పడేస్తుంది.

తమ్ముళ్లూ, మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. మీలో చాలామంది కూడా అంతే. బిల్లు వెనుక సన్నని ఇంగ్లీషు అక్షరాలు అమ్మానాన్నలు చదవలేరు. వాళ్ల తరఫున చదవవలసింది మనమే. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న ఫోన్, ఫ్యాన్, మిక్సీ బిల్లులన్నీ వెతికి ఫోటో తీసి పెట్టండి. పక్కింటివాళ్లవి కూడా చూసిపెట్టండి. చదువు ఊరికి ఉపయోగపడటమంటే ఇలాంటి చిన్న పనులతోనే మొదలవుతుంది.