ఇవ్వడం, ఇప్పించడం: ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ చిత్ర పరిశీలన

హాస్యం తేలికపాటి రసమని భావించే అలవాటు మనలో కొందరికి ఉన్నది. అందునా పిల్లలకోసం గీసిన కార్టూన్ చిత్రమైతే అది పరిశీలనకు తగిన వస్తువే కాదని తలచేవారు కలరు. ఈ అభిప్రాయం ఎంతవరకు సమంజసమో ఒక చిన్న చిత్రం ఆధారంగా ఆలోచించుదాము. అది వాల్ట్ డిస్నీ సంస్థ 1952 అక్టోబరులో విడుదల చేసిన ‘ట్రిక్ ఆర్ ట్రీట్’. దర్శకుడు జాక్ హన్నా. నిడివి సుమారు 8 నిమిషాలు. తెరపై సెకనుకు 24 బొమ్మల చొప్పున లెక్కించితే 11 వేలకు పైబడిన బొమ్మలు మన కళ్ల ముందు కదలిపోతాయి.

కథాకాలం అమెరికాలోని హాలోవీన్ రాత్రి. క్రైస్తవులు నవంబరు 1న జరుపుకొనే సకల పునీతుల పండుగకు ముందు రాత్రి ఇది. ఆ రాత్రి పిల్లలు దయ్యాల వేషాలు ధరించి ఇల్లిల్లూ తిరిగి, ‘మిఠాయి పెడతారా, ఆట పట్టించమంటారా’ అనే భావంతో ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అని అడుగుతారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ విధించిన పంచదార రేషను 1947లో తొలగిన పిదప ఈ ఆచారం విరివిగా వ్యాపించింది.

హ్యూయీ, డ్యూయీ, లూయీ అనే ముగ్గురు బాతు పిల్లలు తమ మామ డొనాల్డ్ డక్ ఇంటి తలుపు తడతారు. మామ మిఠాయికి బదులు వారి సంచులలో టపాకాయలు వేసి, పైనుంచి బకెట్టు నీళ్లు కుమ్మరిస్తాడు. వీధి అంచున దిగాలుగా కూర్చున్న పిల్లలను హేజెల్ అనే మంత్రగత్తె చూస్తుంది. లోకంలో మంత్రగత్తెలు ఉన్నారని వారు నమ్ముతున్నారని తెలిసి సంతోషించి, వారి పక్షాన డొనాల్డును అడగబోతుంది. అతడు ఆమెది వట్టి వేషమనుకొని ముక్కు పట్టి సాగదీసి, ఆమెపై కూడ నీళ్లు కుమ్మరిస్తాడు. ఆమె షేక్స్పియరు ‘మాక్బెత్’ నాటకంలోని మంత్రగత్తెలవలె మందు కాచి, పురుగుమందు చల్లే పిచికారీలో నింపుకొని తిరిగి వస్తుంది. మందు తగిలిన వస్తువులన్నీ ప్రాణం పోసుకొని అతనిని హడలగొట్టుతాయి.

వికృతమైన వేషం, వికృతమైన మాట, వికృతమైన చేష్ట హాస్యానికి కారణాలని భరతుని నాట్యశాస్త్రం చెబుతున్నది. ఈ మూడును ఈ చిత్రంలో పుష్కలంగా ఉన్నవి. హేజెల్ సాగే ముక్కు వేషానికి, క్లారెన్స్ నాష్ డొనాల్డుకు ఇచ్చిన బాతు గొంతు మాటకు, యజమానిని కాదని మంత్రగత్తె ఆజ్ఞకు లోబడే డొనాల్డు పాదాలు చేష్టకు ఉదాహరణలు. హేజెల్ పాత్రకు గాత్రమిచ్చిన జూన్ ఫోరే, 1956లో వార్నర్ సంస్థవారి ‘బ్రూమ్‌స్టిక్ బన్నీ’లో అదే పేరుగల మరొక మంత్రగత్తెకు కూడ గాత్రమిచ్చింది.

అయితే మనం ముఖ్యంగా గమనించవలసిన ఘట్టం వేరొకటి ఉన్నది. వస్తువుల ఆగడం చూసి బెదిరిన డొనాల్డు మిఠాయి ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. కథ అక్కడే ముగియవలసినది. కాని ‘ఇంత తేలికగా లొంగిపోయాడే’ అని హేజెల్ ఎగతాళి చేస్తుంది. ఆ మాటతో అతనికి రోషం వచ్చి, తినుబండారాల గదికి తాళం వేసి తాళంచెవి మింగేస్తాడు. మంత్రం వేసి కక్కించితే దానిని తలుపు కిందుగా లోపలికి విసురుతాడు. చివరకు అతని పాదాలే అతనిని చాలా దూరం వెనుకకు తీసుకుపోయి, పరుగున తెచ్చి, తలతో ఆ తలుపును బద్దలు కొట్టిస్తాయి. అతడు స్పృహ తప్పి పడిపోగా పిల్లలు మిఠాయిలు సంచులకెత్తుకుంటారు.

పిల్లలను నవ్వులపాలు చేసినవాడు తానే నవ్వులపాలయినాడు గనుక ప్రేక్షకునికి తృప్తి కలుగుతుంది. కాని డొనాల్డు మిఠాయి ఇచ్చినాడా? లేదు. అది అతని ఇంటినుంచి వచ్చినదే కాని అతని చేతినుంచి వచ్చినది కాదు. భయం అతనిని ఒప్పించగలిగింది గాని, ఒక్క తిరస్కారపు మాట ఆ ఒప్పుదలను చెరిపివేసింది. న్యాయమైన పక్షాన నిలిచినవారు సైతం ఎదుటివాని ఆత్మగౌరవాన్ని గాయపరచితే, సగం గెలిచిన పనిని మళ్లీ మొదటినుంచి చేయవలసి వస్తుందని ఈ ఘట్టం తెలుపుతున్నది.

ఈ చిత్రానికి రెండేళ్ల ముందు, 1950లో, అదే హాలోవీన్ రాత్రి అమెరికా పిల్లలు ఇంటింటా చిల్లర నాణేలు అడిగి ఐక్యరాజ్యసమితి బాలల నిధికి పంపే కార్యక్రమం ఆరంభమయినది. అవే తలుపులు, అవే వేషాలు. కాని అక్కడ ఇచ్చినవారు మనసారా ఇచ్చినారు. అడిగినవారు పరదేశపు పిల్లలకోసం అడిగినారు. విద్యార్థి మిత్రులు ఈ చిత్రం చూచునపుడు మనసారా నవ్వుకొందురు గాక! నవ్విన పిమ్మట, ఇచ్చుటకును ఇప్పించుటకును గల ఈ భేదమును కూడ ఒకసారి తలపోసిన, మా ఈ చిన్న పరిశీలన సార్థకము కాగలదు.