పాత యుద్ధం దాచిన హత్య
(ఒక డిటెక్టివ్ నవల – మనం నేర్చుకోవలసిన పాఠం)



లైట్లు ఆర్పేసినాక దుప్పట్లో టార్చిలైటు పెట్టుకొని డిటెక్టివ్ నవలలు చదివేవాళ్ళు మన హాస్టల్లో ఉన్నారు. ఆ సంగతి వార్డెన్ సారుకూ తెలుసు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు మన తాతల కాలం నుంచీ తెలుగు పాఠకులకు చుట్టాల్లాంటివాళ్ళు. అటువంటి నవలలకు పెద్దన్న లాంటిది ఒకటుంది. 1890లో ఆర్థర్ కోనన్ డాయిల్ రాసిన 'ద సైన్ ఆఫ్ ఫోర్'. అంటే 'నలుగురి గుర్తు'. ఇందులో డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్. ఈ నవల గురించి రాయడానికి కారణం చివర చెప్తాను.

కథ ఇది. లండనులో ఒక పెద్ద ఇల్లు. దాని పేరు పాండిచ్చేరి లాడ్జ్. ఇంటి యజమాని బార్తలమ్యూ తన గదిలో చచ్చిపడి ఉంటాడు. తలుపు లోపలి గడియ వేసినది వేసినట్టే ఉంది. పోలీసు అధికారి వస్తూనే కవల సోదరుణ్ణీ, ఇంటి పనివాళ్ళనూ అరెస్టు చేసేస్తాడు. హోమ్స్ మాత్రం తొందరపడడు. నేలమీద వంగి వెతుకుతాడు. ఒక కొయ్యకాలి గుర్తు, పిల్లవాడిదంత చిన్న పాదం గుర్తు, పైకప్పులో కన్నం, శవం తలలో విషపు ముల్లు కనబడతాయి. ఆ చిన్న పాదం తారు లాంటి ఘాటు నూనెలో పడింది. టోబీ అనే కుక్క ఆ వాసన పట్టుకొని హంతకులు పోయిన దారి చూపిస్తుంది.

ఈ హత్యకు వేరు లండనులో లేదు, మన దేశంలో ఉంది. 1857 సిపాయిల తిరుగుబాటు రోజుల్లో తెల్లవాళ్ళు ఆగ్రా కోటలో తలదాచుకున్నారు. అప్పుడు ఒక రాజు నగల పెట్టెతో అక్కడికి వచ్చిన అహ్మద్ అనే మనిషిని నలుగురు కలిసి చంపి, కోటలోనే పూడ్చేసినారు. ఆ నలుగురిలో ఒకడు కోట కాపలావాడైన జొనాథన్ స్మాల్ అనే ఇంగ్లీషువాడు. యుద్ధం గొడవలో ఎవరూ పట్టించుకోరనుకున్నారు. కానీ దొరికిపోయి శిక్ష పడింది. స్మాల్‌ను అండమానుకు పంపినారు. అక్కడ వాళ్ళ రహస్యం విన్న మేజర్ షోల్టో అనే అధికారి, వాళ్ళను మోసం చేసి నిధి మొత్తం తీసుకుపోయినాడు. ఆయన కొడుకే ఇప్పుడు చచ్చిపోయిన బార్తలమ్యూ. యుద్ధంలో పూడ్చిన పాపం ఏండ్ల తర్వాత ఇంకో దేశంలో ఇంకొకరి ప్రాణం తీసింది. ఇది నవలలోని మొదటి పాఠం.

రెండో పాఠం రచయిత చెప్పలేదు. అది మనమే వెతుక్కోవాలి.

ఆ చిన్న పాదం టోంగాది. టోంగా అండమాను దీవుల గిరిజనుడు. జబ్బుతో చావబోతుంటే స్మాల్ బాగుచేసినాడని, ఆ విశ్వాసంతో వాడి వెంట నడిచినవాడు. విషపు ముల్లు వేసింది టోంగానే, ఆ మాట నిజమే. కానీ చూడండి. స్మాల్ తన కథ తాను చెప్పుకోవడానికి ఒక అధ్యాయమంతా ఉంది. టోంగాకు ఒక్క పేజీ కూడా లేదు. స్మాల్ అతన్ని సంతల్లో నిలబెట్టి 'మనుషుల్ని తినేవాడు' అని చూపించి, పచ్చిమాంసం తినిపించి పైసలు సంపాదించినాడు. చివరకు తుపాకి గుండు తిని నదిలో మునిగిపోయింది టోంగానే.

ఇంకో వింత. బూడిద, బురద, కాలిగుర్తు అన్నీ సొంత కళ్ళతో పరీక్షించే హోమ్స్, టోంగా జాతి గురించి మాత్రం అలమరలోంచి ఒక పుస్తకం తీసి చదువుతాడు. 'వీళ్ళు క్రూరులు' అని అందులో ఉంటే నమ్మేస్తాడు. ఊహించి చెప్పకూడదని అందరికీ బోధించే మనిషి, ఇక్కడ రుజువు అడగలేదు! నిజానికి అండమాను గిరిజనులు నరమాంసం తినేవాళ్ళు కారు. వాళ్ళ ఆయుధం విల్లంబులు, విషపు ముళ్ళు ఊదే గొట్టం కాదు.

కథే కదా అంటారేమో. కానీ ఇదే తప్పు చట్టంలోనూ జరిగింది. 1871లో బ్రిటిషువాళ్ళు నేరస్థ జాతుల చట్టం చేసినారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన పత్తికొండ తాలూకా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఎరుకల వాళ్ళ మీద ఆ ముద్ర పడింది. నేరం చేసినా చెయ్యకపోయినా, ఆ కులంలో పుడితే చాలు, పేరు రిజిస్టరులో ఎక్కేది. పోలీసులకు హాజరు చెప్పుకోవాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లా పెట్టిన సెటిల్‌మెంటే. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. చట్టం పోయింది గానీ, చూపు పోయిందా?

ఇప్పుడు అసలు కారణం చెప్తాను. ఒకసారి మా రూములో ఒకరి వాచీ పోయింది. ఎవరూ గుర్తులు చూడలేదు. నేరుగా పోయి ఒక ఎరుకల పిల్లోడి ట్రంకుపెట్టె తెరిచి బట్టలన్నీ కింద పోసినారు. పోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. రెండు రోజులకు ఆ వాచీ, పోగొట్టుకున్నవాడి బకెట్లోనే సబ్బుపెట్టె కింద దొరికింది. ఆ పిల్లోడు ఏమీ అనలేదు. బట్టలు మాత్రం తానే మడిచి పెట్టుకున్నాడు. వాణ్ణి క్షమాపణ అడగడానికి నాకు వారం పట్టింది.

మనలో సుగాలీలు, ఎరుకలలు, చెంచులు అందరూ ఉన్నారు. బయట మనల్ని అనుమానంగా చూస్తే మనకు కోపం వస్తుంది. అదే చూపు మన రూములోకి రానిస్తే ఎట్లా?

డిటెక్టివ్‌గా ఉండాలంటే మూడు సూత్రాలు:
1. ముందు గుర్తులు చూడు, తర్వాత మనిషిని చూడు.
2. మనిషి పుట్టుక రుజువు కాదు.
3. అనుమానించినవాణ్ణి కూడా మాట్లాడనియ్యి.

ఆలోచించండి:
1. నిధి కోసం మొదట ప్రాణం తీసింది ఎవరు? నవల చదివినాక మనకు గుర్తుండే హంతకుడు ఎవరు? ఎందుకని?
2. టోంగా తన కథ తానే చెప్తే ఎట్లా మొదలుపెడతాడు? పది వాక్యాలు రాయండి. బాగున్నవి వచ్చే సంచికలో అతికిస్తాం.